పట్టా ఒకరిది, కథ ఊరిది

2019 డిసెంబరులో లోక్‌సభలో 126వ రాజ్యాంగ సవరణ బిల్లుపై చర్చ జరుగుతున్నప్పుడు నేను విలేఖరుల గ్యాలరీలో ఉన్నాను. షెడ్యూల్డు కులాలకు, తెగలకు చట్టసభలలో రిజర్వేషన్లను మరి పదేళ్లు పొడిగించడానికి తెచ్చిన బిల్లు అది. పొడిగింపు విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా బిల్లులో లేని విషయం మీద వచ్చింది. ఇద్దరు ఆంగ్లో ఇండియన్లను రాష్ట్రపతి లోక్‌సభకు నామినేట్ చేసే ఏర్పాటు రాజ్యాంగం పుట్టిన నాటినుంచీ ఉన్నది. దానిని ఈసారి పొడిగించకుండా వదలివేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంమీద ఆంగ్లో ఇండియన్లు 296 మంది మాత్రమేనని నాటి న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ సభకు తెలియజేశారు. ఆ సంఖ్య నమ్మశక్యం కానిదని ప్రతిపక్షాలు అభ్యంతరం తెలిపాయి. బిల్లు నెగ్గింది. 2020 జనవరి 25తో ఆ రెండు స్థానాలకు కాలం చెల్లింది.

ఆ సంఖ్య వినగానే నాకు ఖరగ్‌పూర్ జ్ఞాపకం వచ్చింది. మా పెదనాన్నగారు అక్కడి రైల్వే కార్ఖానాలో పనిచేసేవారు. చిన్ననాడు వేసవి సెలవులకు హౌరా మెయిలులో ఆయన ఇంటికి వెళ్లేవాళ్లం. రెండు వీధుల అవతల ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి కుటుంబం ఉండేది. వారి క్వార్టరుకు తోట ఉన్నది, మా పెదనాన్నగారి క్వార్టరుకు లేదు. ఎందుకని అడిగితే, “వారి గ్రేడు వేరు” అన్నారాయన. గ్రేడు అనే మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో నాకు చాలాకాలం తెలియలేదు. తెలియజేసినది ఒక డాక్టరేటు పరిశోధన. ఈ వారం దానిని గురించీ, అటువంటి పరిశోధనలు జనానికి చేరకపోవడం వల్ల కలిగే నష్టాన్ని గురించీ వ్రాయదలచాను.

డాక్టరేటు అనగానే మన పాఠకులలో చాలామందికి పెళ్లి శుభలేఖ మీద పేరు ముందు చేరే అక్షరం స్ఫురిస్తుంది. లేదా గ్రంథాలయంలో దుమ్ము పట్టిన నల్ల అట్ట పుస్తకం. ఈ వేళాకోళంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని డాక్టరేటు పరిశోధన అంటే మౌలికంగా ఒక ప్రశ్న. అంతవరకు ఎవరూ సరిగా జవాబు చెప్పని ప్రశ్నను ఎన్నుకొని, నాలుగైదు సంవత్సరాలు దానివెంట నడిచి, దొరికిన జవాబును ఆధారాలతో పరీక్షకుల ముందు నిలబెట్టడం. ప్రశ్న మంచిదైతే జవాబు ఆ విద్యార్థి ఒక్కరికే చెందదు.

లారా బేర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో మానవశాస్త్ర ఆచార్యురాలు. భారత రైల్వేల వలస పాలనా విధానంపై ఆమె 1998లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించారు. ఆ కృషి పరిణతి చెంది 2007లో “లైన్స్ ఆఫ్ ది నేషన్” అనే గ్రంథంగా వెలువడింది. కలకత్తాలోని తూర్పు రైల్వే ప్రధాన కార్యాలయంలో చదివిన పాత దస్త్రాలు ఆమెకు ఒక ఆధారం. ఖరగ్‌పూర్ కాలనీలో కుటుంబాల నడుమ కూర్చొని విన్న మాటలు మరొక ఆధారం.

ఆమె ప్రశ్న ఏమిటి? రైలు వస్తే కులాలు పోతాయని ఒకనాడు పెద్దపెద్దవారే విశ్వసించారు. రైల్వేల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ భారతదేశంలో కులానికి ఆధారమైన వంశపారంపర్య వృత్తి విభజనను కరిగించివేస్తుందని కార్ల్ మార్క్స్ 1853లోనే ఒక న్యూయార్క్ పత్రికలో వ్రాశాడు. ఒకే పెట్టెలో, ఒకే బల్ల మీద అందరూ కూర్చోవలసి వస్తే భేదాలు నిలువవని ఆ ఆశ. నిజంగా అట్లా జరిగిందా అని బేర్ పరిశీలించారు. పెట్టెల తరగతులలో, స్టేషన్ల కట్టడంలో, ఉద్యోగాల అంతస్తులలో, క్వార్టర్ల వరుసలలో పాత భేదాలు కొత్త వేషంతో తిరిగి వచ్చాయని ఆమె తేల్చారు. భేదాలను చెరిపివేస్తుందనుకున్న యంత్రమే వాటిని రిజిస్టర్లకు ఎక్కించింది. మా పెదనాన్నగారి “గ్రేడు” రహస్యం అదే.

అంతటితో ఆగితే అది రైల్వేల మీద ఒక అభియోగపత్రం మాత్రమే అయ్యేది. ఆమె మరొక అడుగు ముందుకు వేశారు. కార్యాలయం మనిషిని ఏ పేరుతో వ్రాసుకున్నదో, కొన్ని తరాలకు ఆ మనిషి తన వంశాన్ని ఆ పేరుతోనే తలచుకోవడం మొదలుపెడతాడు. కుటుంబ గౌరవం, బాంధవ్యం, నీతి వంటి ఆంతరంగికమైన భావాలలోకి సైతం దస్త్రం ప్రవేశిస్తుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలలో ఇది అన్నిటికంటె స్పష్టంగా కనిపిస్తుంది. రాజ్యాంగం 366వ అధికరణం ప్రకారం, తండ్రి లేదా పితృవంశంలోని ఎవరైనా పురుషుడు ఐరోపా సంతతివాడై, తాను భారతదేశంలో స్థిరపడిన తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టినవాడు ఆంగ్లో ఇండియన్. అనగా తాను ఎవరో చెప్పుకోవడానికి ముత్తాత కాగితం కావాలి. 336వ అధికరణం రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖలలో వారికి ఇచ్చిన ప్రత్యేక నియామక వసతి రెండేళ్లకు పది శాతం చొప్పున తగ్గుతూ పదేళ్లకు ముగిసింది. వసతి పోయినా కాగితం అవసరం పోలేదు. పాత కాగితాలతో వంశవృక్షాలను కూర్చుకోవలసిన ఆ కుటుంబాల స్థితిని బేర్ సానుభూతితో వర్ణించారు.

2019లో లోక్‌సభలో వినిపించిన 296 అనే సంఖ్య వెనుక ఉన్నది ఇదే సమస్య. మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటాడు, లెక్క వ్రాసేవాడు ఏమని వ్రాసుకుంటాడు, ఈ రెండింటి నడుమ ఉన్న అగాధాన్ని ఒక సిద్ధాంత వ్యాసం ఇరవై ఏళ్లకు పూర్వమే చర్చించింది. ఆనాటి చర్చలో దాని ప్రస్తావన నాకు వినిపించలేదు.

ఇటీవల ఖరగ్‌పూర్ వెళ్లాను. కలకత్తాకు 115 కిలోమీటర్ల దూరంలో, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దం చివర నెలకొల్పిన జంక్షన్ అది. మద్రాసు దారి, నాగపూర్ దారి అక్కడ విడిపోతాయి. దాని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలో అతి పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి పనికోసం వలస వచ్చిన మనవారి నాలుగవ, ఐదవ తరాలు నింపురా, మాథురాకాటి, మలంచా ప్రాంతాలలో ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిర్ణయించినది ముఖ్యంగా వీరిని దృష్టిలో పెట్టుకొనే.

కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన, మా పెదనాన్నగారి స్నేహితుని కుమారుడు, తన ఇంటికి తీసుకుపోయారు. వారి పూర్వుల ఊరు టెక్కలి వైపు. వసారాలో కూర్చొని, పైన వ్రాసినదంతా నాకు చేతనైన తెలుగులో ఆయనకు చెప్పాను. మధ్యలో ఒక్కమాట అడ్డురాలేదు. ముగించాక లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులో వారి తాతగారి సర్వీసు కాగితం ఉన్నది. ఇంటిపేరు చోట ఊరిపేరు, పేరు చోట కులం పేరు పడి ఉన్నాయి.

“గుమాస్తా అడిగినది ఒకటి, మా తాత చెప్పినది ఒకటి, ఆయన రాసుకున్నది ఇంకొకటి బాబూ. ఆనాటినుంచి మా ఇంటిపేరు ఇదే. మా ఊళ్లో దాయాదులది వేరు” అన్నారు. కొంచెం ఆగి, “ఆవిడ మనవాళ్ల గురించి ఏటి రాసింది?” అని అడిగారు.

ఆమె దృష్టి ప్రధానంగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మీద ఉన్నదని చెప్పక తప్పలేదు. ఆ పుస్తకం తెలుగులో దొరుకుతుందా అని అడిగారు. తెలుగులో నేను చూడలేదన్నాను. ఆయన కాగితాన్ని మడతలు చెడకుండా తిరిగి పెట్టెలో ఉంచారు. 1927లో వి.వి. గిరిగారు కార్మిక నాయకులుగా ఈ ఊరి సమ్మెను నడిపిన రోజులలో తన తాత జీతం లేకుండా ఎన్ని నెలలు నెట్టుకొచ్చినదీ, ఏ కొట్టువాడు అరువు ఇచ్చినదీ చాలాసేపు చెప్పారు. ఇది ఏ దస్త్రంలోనూ ఉండదు. ఉన్న దస్త్రాలకు కూడా కాలపరిమితి ఉంటుంది. అది తీరినవాటిని తొలగించడం ప్రతి కార్యాలయంలోనూ జరిగేదే.

ఈ సంభాషణ జరుగుతుండగా ఆయన మనుమరాలు వచ్చింది. ఆమె ఊరి అవతలి కొసన ఉన్న ఐ.ఐ.టి.లో డాక్టరేటు విద్యార్థిని. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పులలో ఇద్దరు రాజకీయ ఖైదీలు బలి అయిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో ఆ సంస్థ ప్రారంభమైన సంగతి పాఠకులకు తెలిసినదే. అమ్మాయి పరిశోధన ఏమిటని అడిగితే, “తాతకు మూడేళ్లనుంచి చెప్పలేదండీ, చెప్పినా అర్థం కాదని” అని నవ్వింది. ఇప్పుడు చెప్పమన్నాను.

కొంత తడబడి చెప్పింది. రైలు పట్టా సాధారణంగా ఒక్క పెద్ద బరువుకు విరగదు. లక్షల చక్రాలు దొర్లగా దొర్లగా ఉక్కు లోపల వెంట్రుక వంటి బీట పుట్టి నెమ్మదిగా పెరుగుతుంది. చెవికి వినిపించని ధ్వని తరంగాన్ని ఉక్కులోకి పంపి, అది తిరిగివచ్చే తీరునుబట్టి బీట ఎంత పెరిగిందో, ఇంకెంతకాలం భరిస్తుందో అంచనా వేయడం తన పని. తాతగారు వెంటనే అందుకున్నారు. “మేము సుత్తితో చక్రాన్ని కొట్టి వినేవాళ్లం కదే! మంచిది గంటలా మోగేది, బీటవారినది బొంగురుపోయేది. మా చెవి చేసిన పనే నీ యంత్రం చేస్తున్నదన్నమాట!” మూడేళ్లుగా అర్థం కాదని దాచిన విషయం మూడు నిమిషాలలో తెలిసిపోయింది. అంతేకాదు, ఎండాకాలానికీ చలికాలానికీ ఆ మోత ఎట్లా మారేదో ఆయన చెప్పడం మొదలుపెడితే, అమ్మాయి కలం తీసుకొని వ్రాసుకున్నది.

ఢిల్లీలో ఈ విషయం బొత్తిగా పట్టనివారు లేరు. 2018లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ “అవసర్” అనే పోటీ ప్రారంభించింది. డాక్టరేటు విద్యార్థి తన పరిశోధనను సామాన్యునికి బోధపడేట్లు వ్యాసంగా వ్రాయవలసి ఉండేది. ఎన్నికైన వంద వ్యాసాలకు తలా 10 వేల రూపాయలు, ప్రథమ బహుమతిగా లక్ష ఇచ్చేవారు. 2009 యు.జి.సి. నిబంధనల తరువాత విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు గాంధీనగర్‌లోని కేంద్రం నిర్వహించే “శోధ్‌గంగ” భాండాగారంలో లక్షల సంఖ్యలో చేరాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చును. తలుపు తెరిచే ఉన్నది. కాని లోపలి భాష వసారాలో కూర్చున్నవారిది కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. జాతీయ అర్హత పరీక్షలో నెగ్గి పరిశోధక వేతనం పొందిన విద్యార్థికి, 2023 జనవరి నుంచి వర్తించేట్లు పెంచిన రేట్ల ప్రకారం, మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తరువాతి మూడేళ్లు 42 వేలు. అయిదేళ్లకు, ఇంటి అద్దె భత్యం కాక, 24 లక్షల రూపాయలు. ఇది ఎక్కువని నేను అనడం లేదు. ప్రయోగశాలలలో రాత్రింబవళ్లు శ్రమించేవారికి ఇది తక్కువే కావచ్చును. కాని అది ప్రజాధనం. ప్రతి పరిశోధనా రైలు పట్టా వలె వెంటనే ఉపయోగపడాలని శాసించడం అవివేకం. ఉపయోగం తరువాత తేలవచ్చు, తేలకనూ పోవచ్చు. తెలియజేయడం మాత్రం బాధ్యత. సమాజశాస్త్ర పరిశోధకులకు ఈ బాధ్యత రెట్టింపు. వారు తీసుకున్నది ధనం ఒక్కటే కాదు, మనుషుల జ్ఞాపకాలు కూడా.

కనుక నా సూచన చిన్నది. సిద్ధాంత వ్యాసం ఏ భాషలో ఉన్నా, దానికి తోడుగా పది పుటల సారాంశం విద్యార్థి మాతృభాషలోగాని, పరిశోధన జరిగిన ప్రాంతపు భాషలోగాని ఉండాలని యు.జి.సి. నియమం చేయవచ్చును. పది పుటలలో చెప్పలేని పరిశోధన మూడువందల పుటలలో చెప్పినా సందేహమే. మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు నియమం కోసం ఎదురుచూడనవసరం లేదు. వాటి చరిత్ర, సమాజశాస్త్ర శాఖలలో ప్రశ్నలకోసం వెదుకుతున్న విద్యార్థులుంటే, ఖరగ్‌పూర్‌లో రేకు పెట్టెలు ఇంకా ఉన్నవి. వాటిలోని కాగితాలను చదివి చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

సెలవు తీసుకుంటుండగా ఆ అమ్మాయిని, తాతగారికి చెప్పిన మాటలనే నాలుగు పుటలుగా వ్రాసి పంపమన్నాను. తెలుగు వ్రాయడం మరచిపోయానేమోనని సంకోచించింది. “నువ్వు చెప్పు, నేను రాస్తాను” అన్నారు తాతగారు. ఆ వ్యాసం వచ్చిన వారం ఈ శీర్షికలో నా రాత ఉండదు, వారిదే ఉంటుంది.