కంప్యూటరు పలుకు తేటగా వినవలెనన్న

ఒకప్పుడు ఇంటికొక రేడియో ఉండెడిది. వార్తలవేళకు ఇంటిల్లిపాదియు దానిచుట్టు చేరెడివారు. నేడు ఆకాశవాణి ప్రసారములు అంతర్జాలము ద్వారా కూడ లభించుచున్నందున అనేక గృహములలో కంప్యూటరే రేడియో పనిని నిర్వర్తించుచున్నది. పిల్లల పాఠములు అందులోనే. దూరదేశమున నున్న ఇంటి యజమాని మాటలును అందులోనే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి జీవనోపాధికై గల్ఫు దేశములకు వెళ్ళినవారు పెక్కుమంది కలరు. వారానికొకమారు వినవచ్చు ఆ మాటలలో ఒక్కటి తప్పిపోయినను ఇంటివారికి వెలితియే. ఆ పలుకును చెవికి చేర్చునవి బల్లమీది రెండు చిన్న స్పీకర్లు. వీనిని గూర్చి మేము చెప్పదలచినది ఒక్కటియే: శబ్దము వినబడుట వేరు, మాట తెలియుట వేరు. మొదటిదానికి బలము చాలును. రెండవదానికి సరియైన అమరిక కావలెను.

ఈ ప్రాంతమున పెండ్లికిగాని, బతుకమ్మ పండుగకుగాని మైకుసెట్టు తెప్పించుట అందరు ఎరిగినదే. ఆంప్లిఫయరు పెట్టె పందిరిలో ఒకమూల నుండును. హారనులు చెట్టుకొమ్మకో స్తంభమునకో కట్టబడియుండును. రెంటిని కలుపునది ఒక జత తీగెలు మాత్రమే. కంప్యూటరు బల్లమీద మనము చేయదగినదియు నిదియే. పరిమాణము మాత్రము చిన్నది. కంప్యూటరునకు గల హెడ్‌ఫోను రంధ్రమునుండి వెలువడు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. అది చెవిలో పెట్టుకొను చిన్న పొరను కదలింపగలదు గాని, స్పీకరునందలి కాగితపు శంకువును ఆడింపజాలదు. ఆ స్వల్ప విద్యుత్తును, దాని రూపము చెడకుండ, పెంచి యిచ్చునది ఆంప్లిఫయరు. పెరిగిన విద్యుత్తు అయస్కాంతము నడుమనున్న తీగెచుట్టలో ప్రవహించి శంకువును ముందువెనుకలకు కదలించును. ఆ కదలికయే గాలిలో ధ్వని యగును. అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇరువురు ఇంజనీర్లు 1925లో ప్రకటించిన ఈ పద్ధతియే నేటికిని అధికముగా వాడుకలో నున్నది.

దుకాణములలో అమ్ము జతలలో సాధారణముగా ఆంప్లిఫయరును ఒక స్పీకరు పెట్టెలోనే అమర్చుదురు. చూపునకు అది పొందికగా నుండును. కాని వేరుచేయుటలో నాలుగు లాభములు కలవు. మొదటిది వేడిని గూర్చినది. పాత తరహా ఆంప్లిఫయరు తాను గ్రహించిన విద్యుత్తులో సగము వరకు వేడిగా మార్చివేయును. వేసవిలో మన జిల్లాలలో ఎండ 45 డిగ్రీలను దాటుట అరుదు కాదు. మూసిన చెక్కపెట్టెలో ఆ వేడి ఇంకను హెచ్చును. ఆంప్లిఫయరులోని కెపాసిటర్ల ఆయువు, 10 డిగ్రీలు పెరిగిన కొలదియు, సుమారు సగమునకు తగ్గునని అనుభవము. రెండవది అదురు. స్పీకరు అదురునకు లోపలి అతుకులు కాలక్రమమున వదులగును. మూడవది, రెండు పెట్టెలును అచ్చముగా ఒకే కొలతతో నుండును గనుక రెండు వైపులను ధ్వని ఒకే తీరున వినబడును. నాలుగవది గృహస్థునకు ముఖ్యమైనది. స్పీకరు చెడినచో స్పీకరునే, ఆంప్లిఫయరు చెడినచో దానినే మార్చుకొనవచ్చును. మొత్తము పారవేయ నక్కరలేదు.

ఇక ఎన్ని వాట్లు కావలెనను ప్రశ్న. అట్టపెట్టెలపై పి.ఎం.పి.ఓ. అను అక్షరములతో వందలు, వేలు వాట్లు ముద్రింపబడి యుండును. ఆ సంఖ్యను నమ్మకూడదు. విద్యుత్తు నందించు అడాప్టరును తిప్పిచూడుడు. దానిపై 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్నచో రెంటిని గుణింపగా 24 వాట్లు. అంతకు మించి ఆ పెట్టెనుండి నిలకడగా వెలువడుట అసాధ్యము. యు.ఎస్.బి. తీగెతో నడచువానికి సామాన్యముగా 5 వోల్టులు, అర ఆంపియరు. అనగా రెండున్నర వాట్లే. దీనికి చింతింప పనిలేదు. సామాన్యమైన చిన్న స్పీకరు ఒక వాటు విద్యుత్తుతో ఒక మీటరు దూరమున 85 డెసిబెల్సు ప్రాంతమున ధ్వని నిచ్చును. దూరము సగమైనచో 6 డెసిబెల్సు హెచ్చును. ఇరువురు ఎదురెదురుగా మాటలాడు ధ్వని 60 డెసిబెల్సు మాత్రమే. కావున అర మీటరు దూరమున కూర్చుండి మాట వినుటకు వాటులో వెయ్యవ వంతు చాలును. సంగీతమునందలి హెచ్చుతగ్గులకు ఎడమిచ్చినను, వైపునకు 10 వాట్లు ఎక్కువయే. క్లాస్ డి తరహా ఆంప్లిఫయరు తీసికొన్నచో అది విద్యుత్తులో పదింట తొమ్మిది వంతులవరకు స్పీకరునకు చేర్చును, వేడియు తక్కువ.

వాట్లపై మిగిల్చిన సొమ్మును స్పీకరుపైనను, పెట్టెపైనను వెచ్చింపవలెను. శంకువు ముందునకు కదలినపుడు వెనుక గాలి పలుచనగును. పెట్టె లేనిచో ముందటి గాలి వెనుకకు జారి మంద్రధ్వని నశించును. పెట్టె ఎంత యుండవలెనో ఊహతో నిర్ణయింప నక్కరలేదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, ఆయన తరువాత రిచర్డ్ స్మాల్ 1970 దశకమునను ఇందులకు గణితము నేర్పరచిరి. మంచి స్పీకర్లను నేడు వారి పేరిటి సంఖ్యలతోనే అమ్ముచున్నారు. ఉదాహరణకు 4 అంగుళముల స్పీకరు ఒకటి సహజముగా సెకనుకు 80 మారులు కంపించుననియు, దాని అతుకు మెత్తదనము 6 లీటర్ల గాలికి సమానమనియు అనుకొందము. దానిని 3 లీటర్ల మూసిన పెట్టెలో అమర్చినచో, 6ను 3చే భాగించి, 1 కలిపి, వర్గమూలము తీయగా 1.73 వచ్చును. 80ని దానిచే గుణింపగా సుమారు 139. అనగా ఆ పెట్టెనుండి 139 కంపనములకు దిగువ ధ్వని క్రమముగా సన్నగిల్లును. మాటకు ఇది చాలును. పాత టెలిఫోను 300కు దిగువనున్న దానిని విడిచివేసినను మనము మనిషి గొంతును గుర్తుపట్టెడివారము గదా!

లోపలి కొలతలు 11.5, 13, 20 సెంటీమీటర్లుగా నున్నచో సుమారు 3 లీటర్లగును. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు వాడి, అతుకులవద్ద గాలి చొరకుండ జిగురు పూయవలెను. లోపల దూదిని వదులుగా నింపినచో వెనుకధ్వని గోడలకు తగిలి తిరిగి రాదు. సిరిసిల్లలో దూదికి కరవు లేదు. అది శంకువునకు తగులకుండ చూచుకొనవలెను. ముందు కప్పు వస్త్రము నోటితో ఊదిన గాలి సులభముగా ఆవలికి పోవునంత పలుచనిదిగా నుండవలెను.

తెలుగు పలుకులో కాలు, చాలు, తాలు, పాలు అను మాటలకు భేదము మొదటి హల్లు మాత్రమే. ఆ హల్లు రెప్పపాటులో ముగియును. దానిని గుర్తింపజేయు ధ్వని చాలవరకు సెకనుకు వెయ్యికి మించిన కంపనములలో నున్నది. బల్ల దానిని చెరచును. స్పీకరు బల్లపై 15 సెంటీమీటర్ల ఎత్తునను, చెవి 35 సెంటీమీటర్ల ఎత్తునను, నడుమ 60 సెంటీమీటర్ల దూరమును ఉన్నవనుకొందము. బల్లకు తగిలి వచ్చు ధ్వని, తిన్నగా వచ్చు ధ్వనికంటె 15 సెంటీమీటర్లు ఎక్కువ నడచును. తత్ఫలితముగా 1,150 కంపనముల ప్రాంతమున ఒకటి రెండవదానిని కొట్టివేయును. నివారణ సులభము. స్పీకర్లను బల్ల ముందటి అంచునకు జరుపుడు. లేదా ఎత్తుపీటపై నిలిపి చెవివైపు వంచుడు.

తీగెల విషయమున రెండు హెచ్చరికలు. రెండు స్పీకర్లకును ఎరుపు కొన ఎరుపునకే, నలుపు నలుపునకే కలుపవలెను. ఒకటి తారుమారైనచో గొంతు సన్నగిల్లి, ఎటనుండి వచ్చుచున్నదో తెలియకుండును. గుయ్యిమను మ్రోత వినబడినచో కంప్యూటరును, ఆంప్లిఫయరును ఒకే ప్లగ్గు బోర్డునకు తగిలించి చూడుడు. మ్రోత పోవునని ఎర్తు పుల్లను తీసివేయుట మాత్రము ప్రాణాపాయము. ఇంట అమర్చుకొనువారు 230 వోల్టుల జోలికి పోక, మూసియున్న 12 వోల్టుల అడాప్టరునే వాడుట మేలు.

సిరిసిల్లలో మరమగ్గము ప్రక్కగదిలోనే ఆడుచుండు ఇండ్లు కలవు. షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్సును మించుట సాధారణము. దానిపై మాట తెలియవలెనని స్పీకరును 100కు పెంచువారు తమ చెవులకే హాని చేసికొందురు. 85 డెసిబెల్సు ధ్వనిలో దినమునకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణులు చెప్పుదురు. 3 డెసిబెల్సు పెరిగిన కొలది ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 వద్ద పావుగంటయే. మగ్గమువద్ద దినమంతయు గడపిన చెవికి ఇంటిలో మరల ఆ శిక్ష విధింపరాదు. తలుపు మూయుడు; స్పీకర్లను చెంతకు తెచ్చుకొనుడు; మీటరు దూరమునుండి పావు మీటరునకు వచ్చినచో 12 డెసిబెల్సు ఉచితముగా లభించును.

మాటను మీకు చేర్చుటయే వృత్తిగా గల మేము తేటదనమును పరీక్షింపవలసినపుడు ధ్వనిని పెంచము, తగ్గింతుము. మీరును అట్లే చేయుడు. వార్తలవేళ ధ్వనిని మెల్లగా తగ్గించుచు పొండు. చెవికి అందీ అందని స్థితిలోను ఊరిపేర్లు, అంకెలు తప్పక తెలియుచున్నచో మీ అమరిక సరియైనదే. తెలియనిచో పెద్ద ఆంప్లిఫయరు కొనబోకుడు. ముందు స్పీకర్లను జరిపి, పెట్టె అతుకులను చూచి, మరల వినుడు.