ముందు బ్రేకు పట్టడం లేదా? షూలు మార్చే ముందు కేబులు చూడండి

ఈసారి పురుగుల గురించి కాదు, గూళ్ళు మోసే బండి గురించి రాస్తా ఉన్నాను.

పోయిన పంట గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోతా ఉంటే, చెరువు కట్ట దిగే చోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. వెనక సీటు మీద రెండు మూటలు, 50 కిలోలకు పైనే. ముందు బ్రేకు లివరు రాయి మాదిరి గట్టిగా ఉంది, ఎంత నొక్కినా బండి పోతానే ఉంది. భయంతో వెనక బ్రేకు తొక్కేసరికి చక్రం బిగుసుకొని పక్కకు జారింది. ఎట్లో మట్టిలోకి దిగి నిలబడింది. మూటలు పడి నలిగి ఉంటే లోపలి పురుగు చితికి గూళ్ళకు మరక పట్టేది, ఆ పొద్దు రేటు అంతే సంగతి. నాకు ఏమయ్యేదో అది వేరే మాట.

విషయం ఏమంటే, అంతకు ముందు ఏడాదిలో రెండుసార్లు బ్రేకు షూలు మార్పించి ఉన్నాను. "షూలు అయిపోయినాయి అన్నా" అనడం, మార్చడం, నాలుగు రోజులు బాగుండటం, మళ్ళీ అదే కథ. తప్పు షూలలో లేదు. లివరుకూ షూలకూ మధ్యలో ఉంది.

ముందుగా ఒక మాట. మన ఊళ్ళలో చాలామంది ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని వెనక బ్రేకే వాడతారు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలిక అవుతుంది. తేలికైన చక్రాన్ని గట్టిగా పట్టిస్తే అది నిలబడదు, జారుతుంది. దిగుడులో ఇది ఇంకా ఎక్కువ. వెనక మూటలు ఉంటే వెనక చక్రానికి కొంచెం పట్టు పెరిగే మాట నిజమే. అయినా ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. మెల్లగా మొదలుపెట్టి గట్టి చేస్తే పల్టీ కొట్టదు. ఇసుకలో, బురదలో, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు మాత్రం గట్టిగా పట్టకూడదు.

పాత స్ప్లెండర్, ప్యాషన్ లాంటి 100 సీసీ బండ్లలో ఎక్కువ వాటికి ముందు ఉండేది డ్రమ్ము బ్రేకు. లివరు లాగితే కేబులు కింద ఉన్న ఇనప చేతిని లాగుతుంది. ఆ చేతి ఒక క్యామ్‌ను తిప్పుతుంది, క్యామ్ రెండు షూలను విడదీసి డ్రమ్ముకు ఆనిస్తుంది. అంతే యంత్రం.

లక్షణం బట్టి తప్పు ఎక్కడో సగం తెలిసిపోతుంది. లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే కేబులు సాగి ఉంటుంది, లేదా షూలు అరిగి ఉంటాయి. లివరు గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే మూడు అనుమానాలు: కేబులు లోపల తుప్పు, క్యామ్ ఎండిపోవడం, షూల మీద నునుపు లేదా గ్రీజు. లివరు వదిలినప్పుడు టక్కున వెనక్కు రాకుండా నిదానంగా వస్తే, కేబులో క్యామో బిగుసుకుంటా ఉందని అర్థం. నా బండికి ఇదే లక్షణం. నేను గమనించలేదు.

ఏది తప్పో తేల్చడం సులభం. కింద అడ్జస్టు నట్టు విప్పి కేబులును చేతి నుంచి తప్పించండి. ఇప్పుడు లివరును లాగి వదలండి, కేబులు లోపల గరగర లేకుండా జారాలి. తర్వాత కింద ఉన్న ఇనప చేతిని చేత్తో తిప్పి వదలండి, స్ప్రింగు బలంతో అదే వెనక్కు రావాలి. మొదటిది పట్టేస్తే కేబులు తప్పు, రెండోది పట్టేస్తే క్యామ్ తప్పు. ఈ పరీక్షకు 5 నిమిషాలు చాలు, చక్రం విప్పే పని లేదు.

నా కేబులు పైన చూస్తే బాగానే ఉంది. లాగి చూస్తే లోపల తుప్పు, కింద చివర రెండు పోగులు తెగి ఉన్నాయి. కారణం ఆలోచిస్తే మన పనే. పురుగుల షెడ్డుకు 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళు కొట్టే రోజు కూడా బండి అక్కడే వరండాలో నిలిపేవాణ్ణి. మిగిలిన బ్లీచింగ్ మూట కూడా దాని పక్కనే. బ్లీచింగ్ ఆవిరి ఇనుమును తినేస్తుంది. మందు కొట్టే రోజు బండిని బయట పెట్టండి, మూటను గట్టిగా కట్టి దూరంగా ఉంచండి. ఆకు మోపులు హ్యాండిల్‌కు తగిలించే అలవాటు ఉన్నవాళ్ళు, మోపు కింద కేబులు మడత పడకుండా చూసుకోండి. పోగులు తెగిన కేబులుకు నూనె పోసి లాభం లేదు, మార్చాల్సిందే. తెగకుండా గట్టిగా మాత్రమే ఉంటే, పై చివర పట్టుకొని పల్చటి నూనె చుక్కలుగా పోసి కింద కారే దాకా ఆడించండి.

ఇక అందరూ చేసే పని, నట్టు బిగించడం. లివరు లూజు అయితే కొంచెం బిగించడం తప్పు కాదు. లివరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. కానీ బిగించేకొద్దీ ఇనప చేతి ముందుకు వాలిపోతుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబులుకూ చేతికీ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉంటేనే లాగిన బలమంతా క్యామ్‌కు చేరుతుంది. దాన్ని దాటిపోతే బలం వృథా. క్యామ్ దగ్గర చిన్న బాణం గుర్తు, ప్లేటు మీద ఇంకో గుర్తు ఉంటాయి. బ్రేకు పట్టినప్పుడు బాణం ఆ గుర్తుకు వచ్చేసిందంటే షూలు అయిపోయినట్టు. కొందరు చేతిని ఒక పల్లు జరిపి బిగించేసి "సరిపోయింది పో" అంటారు. అట్ల చేస్తే అరిగిన షూలతో క్యామ్ అడ్డం తిరిగి చక్రమే బిగుసుకునే ప్రమాదం ఉంది. ఒప్పుకోవద్దండి.

చక్రం విప్పాల్సి వస్తే, సెంటర్ స్టాండు వేసి ఇంజను కింద కట్టె పెట్టండి. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. తడి గుడ్డతో తుడవండి. షూ లైనింగు 2 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. మందంగా ఉండి అద్దం మాదిరి మెరుస్తా ఉంటే ఎమ్రీ పేపరుతో గరుకు చేస్తే చాలు. గ్రీజు తాగిన షూను ఎంత కడిగినా బాగుపడదు, పారేయండి. అయితే ఆ గ్రీజు ఎక్కడిదో కూడా చూడండి. స్పీడోమీటర్ పళ్ళచక్రం బ్రేకు ప్లేటులోనే ఉండే బండ్లలో అక్కడ గ్రీజు ఎక్కువ పెడితే వేడికి కరిగి షూల మీదికి కారుతుంది. క్యామ్‌ను బయటికి తీసి తుప్పు గీకి, సన్నగా గ్రీజు పూయండి, ఒక గోరంత చాలు. 130 మిల్లీమీటర్ల డ్రమ్ము 131కి అరిగితే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

తిరిగి బిగించేటప్పుడు ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. బ్రేకు ప్లేటులో ఉండే గాడి, ఫోర్కు కాలు మీద ఉండే ముక్కులో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి బండిని పడేస్తుంది. తర్వాత యాక్సిల్ నట్టు లూజుగా ఉంచి, చక్రం తిప్పి, ఒకరు లివరు గట్టిగా నొక్కి పట్టుకొని ఉండగా ఇంకొకరు నట్టు బిగించండి. అప్పుడు షూలు డ్రమ్ము మధ్యకు వచ్చి రెండు పక్కలా సమంగా ఆనుతాయి. మా షాపువాళ్ళు ఈ పని చేయగా నేను ఎప్పుడూ చూడలేదు, ఇంట్లో చేసుకున్నప్పుడు తేడా బాగా తెలిసింది.

2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ వరకు బండ్లలో ఎక్కువ వాటికి కాలి బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా పడుతుంది. దాని అడ్జస్టుమెంటు వేరు, తెలిసినవాళ్ళ చేత చేయించండి. డిస్కు బ్రేకు ఉన్నవాళ్ళు లివరు స్పంజి మాదిరి మెత్తగా ఉంటే గాలి చేరిందని అనుకోవచ్చు. అందులో డబ్బా మీద రాసిన బ్రేకు ఆయిలు తప్ప వేరే ఏ నూనే పోయకండి.

పని అయినాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, బట్టలు మార్చుకొని షెడ్డులోకి పోండి. పెట్రోలు, గ్రీజు వాసన పురుగులకు పడదు, నాలుగో జ్వరం లేచినప్పుడు అయితే అసలే వద్దు.

నాకు చివరికి అయిన ఖర్చు ఒక కేబులు, కొంచెం గ్రీజు, అదీ ఒక కిలో గూళ్ళ ధరలోపే. షూలు అవే ఉన్నాయి, ఇంకా ఒక ఏడాది వస్తాయి. మూటలు ఎక్కించే ముందు రోజు సాయంత్రం ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో ముందు బ్రేకు ఒక్కటే పట్టి చూసుకుంటా ఉన్నాను. బాణం గుర్తు ఎక్కడుందో తెలియకపోతే మీ బండి చక్రం ఫోటో గ్రూపులో పెట్టండి, గుర్తు పెట్టి పంపిస్తాను.