కాలు ఆగని సైకిలు పందెం



మీలో కుట్టుమిషను తొక్కినవాళ్లు ఉన్నారు కదా? మిషను జోరుగా నడుస్తుంటే ఒక సంగతి గమనించే ఉంటారు. మీరు పాదాలు ఆపినా చక్రం వెంటనే ఆగదు. చక్రం తిరిగినంతసేపు కింది పలక ఊగుతూనే ఉంటుంది. మీ పాదాలను కూడా ఊపుతూనే ఉంటుంది.

అచ్చం అలాంటి సైకిలు ఒకటి ఉంది. దాని మీద కూర్చుంటే కాళ్లకు విశ్రాంతి లేదు. పైగా దానికి బ్రేకు కూడా ఉండదు. అలాంటి సైకిళ్లతో ఊరి దారుల మీద పందెం వేస్తారు. ఆ పందెం గురించి తెలుసుకుందాం.

ఇది ఏం సైకిలు?

మన ఊళ్లో తిరిగే సైకిలు సంగతి ముందు చూద్దాం. పల్లంలో దిగేటప్పుడు మనం తొక్కడం మానేస్తాం. కాళ్లు కదపకుండా కూర్చుంటాం. సైకిలు దానంతట అదే పోతుంది. అప్పుడు వెనక చక్రంలో కరకరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు చేసేది ఫ్రీవీల్. కాలు ఆగినా చక్రం తిరిగేది దానివల్లే.

పందెం సైకిలుకు ఈ ఫ్రీవీల్ ఉండదు. చైను పట్టే పళ్ల చక్రాన్ని వెనక చక్రానికి గట్టిగా బిగిస్తారు. చక్రం తిరిగితే చైను తిరుగుతుంది. చైను తిరిగితే పెడలు తిరుగుతుంది. పెడలుతోపాటు కాలూ తిరగాల్సిందే. దీన్ని ఫిక్స్‌డ్ గేరు సైకిలు అంటారు.

మరి ఎలా ఆపుతారు? కాళ్లతోనే. పెడలు ముందుకు తిరుగుతుంటే కాలితో వెనక్కి నొక్కి పట్టాలి. మెల్లమెల్లగా వేగం తగ్గుతుంది. టక్కున ఆపడం కుదరదు.

ఇలాంటి సైకిళ్లు పందెం మైదానాల్లో వాడతారు. అక్కడ దారి గుండ్రంగా ఉంటుంది. మలుపులు ఏటవాలుగా కట్టి ఉంటాయి. ఎదురు బండి రాదు. నగరాల్లో కూడా ఇవి తిరిగాయి. అమెరికాలోని న్యూయార్క్‌లో కాగితాలు, పొట్లాలు సైకిలు మీద అందించే పనివాళ్లు వీటిని ఇష్టపడ్డారు. భాగాలు తక్కువ. కాబట్టి రిపేర్లూ తక్కువ.

పందెం ఎలా మొదలైంది?

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ అనే ప్రాంతం ఉంది. అందులో ఓడరేవు పక్కన రెడ్ హుక్ అనే పేట ఉంది. 2008లో డేవిడ్ ట్రింబుల్ అనే యువకుడు తన పుట్టినరోజుకు అక్కడ ఒక పందెం పెట్టాడు. రాత్రిపూట, పేట వీధుల్లోనే పందెం. బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేరు సైకిలు ఉన్నవాళ్లే రావాలి. మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ ఒకే పందెంలో కలిసి తొక్కారు.

ఎవరు గెలిచారో తెలుసా? కేసీ మాండర్‌ఫీల్డ్. ఆమె ఆడమనిషి. ఆ రాత్రి వచ్చిన మగవాళ్లందరి కంటే ముందు ఆమే గీత దాటింది.

ఆ పందేనికి రెడ్ హుక్ క్రిట్ అని పేరు వచ్చింది. ఏటేటా పెద్దదయింది. తరువాత ఓడరేవు దగ్గర, వేరే బండ్లు రాకుండా మూసిన దారిలో జరిపారు. ఇటలీలోని మిలాన్, స్పెయిన్‌లోని బార్సిలోనా, ఇంగ్లండులోని లండన్ నగరాల్లో కూడా జరిపారు. 2018 దాకా ఈ పందేలు సాగాయి. 2019లో ఆగిపోయాయి.

పందెంలో ఏం జరుగుతుంది?

ఒక చుట్టు సుమారు కిలోమీటరు. కొన్నిచోట్ల కాస్త ఎక్కువ. అదే దారిలో చాలా చుట్లు తిరగాలి. అందరూ ఒక్కసారే బయలుదేరతారు. చివరి చుట్టులో ఎవరు ముందు గీత దాటితే వాళ్లే గెలిచినట్టు. ముందున్నవాళ్లు ఎవరినైనా ఒక చుట్టు దాటేస్తే, ఆ వెనకబడ్డ మనిషి పక్కకు తప్పుకోవాలి. ఆమెకు గానీ అతనికి గానీ పందెం అక్కడితో సరి.

బలమున్నవాళ్లే గెలుస్తారా? బలం కావాలి. కానీ బలం ఒక్కటే చాలదు. మూడు సంగతులు చూడండి.

ఒకటి, గాలి. ఎదురుగాలిలో సైకిలు తొక్కితే ఎంత కష్టమో మీకు తెలుసు. జోరుగా పోయే సైకిలుకు ఎప్పుడూ ఎదురుగాలే. అందుకని తెలివైనవాళ్లు ఇంకొకరి వెనకే, చక్రానికి చక్రం దగ్గరగా పోతారు. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంది. వెనకున్న మనిషికి శ్రమ బాగా తగ్గుతుంది. అలా దాచుకున్న సత్తువను చివరి చుట్టులో బయటికి తీస్తారు.

రెండు, మలుపు. మలుపులో సైకిలు పక్కకు వాలుతుంది. మామూలు సైకిలైతే లోపలి వైపు పెడలును పైకెత్తి, కాళ్లు ఆపుకుని తిరగవచ్చు. ఇక్కడ పెడలు ఆగదు. మరీ వాలిస్తే పెడలు నేలకు తగులుతుంది. చక్రం లేచి మనిషి పడిపోతుంది. ఎంత వాల్చాలో, ఎంత వేగంతో రావాలో మలుపు రాకముందే ఆలోచించుకోవాలి.

మూడు, లెక్క. ఈ సైకిలుకు ఒకే గేరు. పందెం మొదలయ్యాక మార్చడం కుదరదు. ముందు పళ్ల చక్రానికి 48 పళ్లు, వెనక దానికి 16 పళ్లు ఉన్నాయనుకోండి. 48ని 16తో భాగిస్తే 3. అంటే పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం 3 సార్లు తిరుగుతుంది. చక్రం ఒకసారి తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు దూరం పోతుంది. కాబట్టి పెడలు ఒక చుట్టుకు సైకిలు 6 మీటర్లు దాటి పోతుంది.

గంటకు 45 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 750 మీటర్లు. అంత వేగం పోవాలంటే నిమిషానికి సుమారు 120 సార్లు కాళ్లు తిరగాలి. సెకనుకు రెండుసార్లు! వెనక పళ్లు తగ్గిస్తే కాళ్లు అన్నిసార్లు తిరగనక్కర లేదు. కానీ తొక్కడం బరువవుతుంది. మలుపు దాటి మళ్లీ వేగం అందుకోవడం కష్టం. ఎవరి కాళ్లకు తగిన లెక్క వాళ్లు ముందే వేసుకోవాలి.

ప్రమాదం లేదా?

ఉంది. 2016లో బ్రూక్లిన్‌లో మగవాళ్ల పందెం మొదలవుతుండగా, ముందు పోవలసిన మోటారు సైకిలు ఒకటి దారిలోనే ఆగిపోయింది. ముందున్నవాళ్లు చూసి పక్కకు తప్పుకున్నారు. వెనకవాళ్లకు అది కనపడలేదు. బ్రేకు లేదు. తప్పుకునే చోటూ లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు దానికి గుద్దుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు.

కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. బ్రేకు లేని సైకిలు మూసిన దారిలో పందేనికి మాత్రమే. బస్సులు, ఆటోలు, పశువులు తిరిగే మన రోడ్డు మీద అది పనికిరాదు. మీ ఇంట్లో సైకిలు ఉంటే బయటికి తీసేముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. ముందు చక్రం, వెనక చక్రం రెండూ ఆగాలి.

ఆడవాళ్లకు వేరే పందెం ఎందుకు?

2014లో రెడ్ హుక్ క్రిట్‌లో ఆడవాళ్లకు వేరే పందెం పెట్టారు. ‘మొదటి ఏడే ఒక ఆడమనిషి అందరినీ ఓడించింది కదా, మరి వేరే పందెం ఎందుకు?’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

కేసీ గెలుపు ఒక సంగతి తేల్చింది. ఈ పందెం ఆడవాళ్ల వల్ల కాదు అనే మాటకు ఇక చోటు లేదు. కానీ ఒక్కరు గెలిస్తే సరిపోతుందా? అందరూ కలిసి తొక్కే పందెంలో ఆడవాళ్లు కొద్దిమందే ఉంటారు. మగవాళ్ల వేగం పెరిగితే చాలామంది చుట్టు వెనకబడి మధ్యలోనే తప్పుకోవాల్సి వస్తుంది. వాళ్లలో వాళ్లకు ఎవరు మేటో తేలదు. కొత్తగా నేర్చుకున్న పిల్ల ‘నేనూ పోతాను’ అనడానికి జంకుతుంది. వేరే పందెం ఉంటే మొదటి స్థానమూ ఆడవాళ్లదే, చివరి స్థానమూ ఆడవాళ్లదే. చివర వచ్చిన పిల్ల కూడా వచ్చే ఏడు మళ్లీ వస్తుంది.

ఒక్కరు గెలిస్తే దారి ఉందని తెలుస్తుంది. పదిమంది నడిస్తేనే అది దారి అవుతుంది.

చెప్పండి చూద్దాం

1. ఫ్రీవీల్ లేకపోతే సైకిలు తొక్కే మనిషికి ఏమవుతుంది?
2. ఇంకొకరి వెనక పోతే శ్రమ ఎందుకు తగ్గుతుంది?
3. ముందు 45 పళ్లు, వెనక 15 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకు చక్రం ఎన్నిసార్లు తిరుగుతుంది?
4. మీ ఊళ్లో సైకిలు తొక్కే ఆడవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఒకరిని అడిగి, ఎలా నేర్చుకున్నారో నాలుగు మాటల్లో రాయండి.