అంగడిలో ప్రమాదము – భీమా వర్తించు తేది

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరునకు పోవు బాటలోని గడ్డిఅన్నారము పండ్ల బజారునకు 2021వ సంవత్సరము వరకు మన రైతులు మామిడి తోలుచుండిరి. అట్టి రద్దీ బాటలో మన సంఘ మొక యంగడి తెరచినదనుకొందము. బస్తాల దొంతి యొరిగి, కొనవచ్చిన వాని కాలు విరిగినది. పరిహార మెవ రిత్తురు?

బాధ్యతా భీమా గలదుగదా యని నిశ్చింతగ నుండరాదు. ఒక తరగతి పాలసీలో ప్రమాదము పాలసీ కాలమున జరిగిన చాలును. దావా పిమ్మట వచ్చినను కంపెనీ వహించును. రెండవ తరగతిలో దావాయు ఆ కాలముననే రావలెను. మన దేశపు పబ్లిక్ లయబిలిటీ పాలసీలు పెక్కు ఈ తరగతివే. గాయపడినవాడు ఏడాదికి దావా తెచ్చెను, ఈలోపున కార్యదర్శి పాలసీని తిరిగి కట్ట మరచెను. ఇక సంఘనిధియే గతి. అయితే పాలసీ నడుచుచుండగనే ప్రమాదమును గూర్చి కంపెనీకి వ్రాసియుండినచో, పిమ్మటి దావాను ఆ యేటిదిగ నెంచు నిబంధన సాధారణముగ నుండును. ఒక్క యుత్తరపు విలువ యంత!

పరిమితులు రెండు: ఒక ప్రమాదమునకు, ఏడాది మొత్తమునకు. మా యభిప్రాయమున రెండవదే రైతు గమనింపనిది. రెండును 10 లక్షలే యైనచో, చైత్రమున నొక దావా 8 లక్షలు తినిన, కార్తికమున మిగులునది 2 లక్షలే. ప్రతి దావాలో తొలి కొంత సొమ్ము సంఘమే భరింపవలెను.

సంఘపు జీతగాండ్ర గాయములకు, లారీ ప్రమాదములకు వేరు భీమా కావలెను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరున బాంబులు ప్రేలినవి. అట్టి తీవ్రవాదకృత్యములను ఈ పాలసీలు సామాన్యముగ మినహాయించును.

కంపెనీ సమ్మతి లేక తప్పొప్పుకొని రాజీపడిన, ఆ సొమ్ము తిరిగి రాకపోవచ్చును.