పాత యెజ్డీకి ఊపిరి పోయుట

శ్రావణమాసపు సోమ, గురువారములలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకై ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి దారులవెంటను, తుంగభద్ర కావలి రాయచూరు సీమనుండియు తరలివచ్చు జనములో ఎడ్లబండ్లు పలుచబడి, వాటి చోటును మోటారుసైకిళ్లు ఆక్రమించి చాలకాలమైనది. ఆ గుంపులో నేటికిని ఎప్పుడో ఒకప్పుడు, తక్కినవాటి మెత్తని గురగురలో కలిసిపోక డగడగమని వేరుగా మ్రోగుచు, రెండు పొగగొట్టములనుండి నీలిపొగ విడుచుచు పోవు పాత జావాయో యెజ్డీయో కంటబడును. దానిని చూచి ముచ్చటపడి, ఇంటివెనుక కొట్టములో త్రుప్పుపట్టి పడియున్న తాతగారి బండిని మరల నడిపింపవలెనని సంకల్పించుకొను యువకులలో పెక్కుమంది చేయు మొదటి పని దానిని పెయింటరుకు అప్పగించుట. అది కడపటి పని కావలసినది. ఏలయనగా ఈ జాతి యంత్రమునకు రోగము చర్మమున నుండదు, ఊపిరిలో నుండును. ఏది దాని అవయవమో, ఏది కేవలము వస్త్రమో తెలియక చేయి పెట్టినవానికి డబ్బు పోవుటయే కాక బండియు పోవును.

ఆ ఊపిరి యెట్టిదో తెలియుటకు ముందుగ దాని పుట్టుక చూడవలెను. జర్మనీలో నికొలాస్ ఒట్టో 1876లో సిద్ధముచేసిన ఇంజనులో పిస్టను నాలుగు గతులు నడచినగాని ఒక్క పేలుడు కలుగదు: మిశ్రమమును పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట, అందులో బలము నార్జించునది ఒక్క గతియే, తక్కిన మూడును దానిపై బ్రదుకునవే. ఈ దుబారాను సహింపలేక స్కాట్లండుకు చెందిన డుగాల్డ్ క్లర్కు, మిశ్రమమును లోనికి నెట్టుటకు ప్రక్కన వేరొక సిలిండరును పంపుగా నమర్చి, క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకును, అనగా పిస్టను రెండు గతులకే, ఒక పేలుడు కలుగునట్లు చేసి, 1881లో పేటెంటు పొందెను. పదియేండ్ల తరువాత ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అనునతడు, ఆ రెండవ సిలిండరు మాత్రమేల, పిస్టను క్రింద ఊరక పడియున్న క్రాంకు పెట్టెయే పంపు కారాదా యని యోచించెను. పిస్టను పైకి పోవునపుడు క్రింది పెట్టెలో శూన్యత యేర్పడి కార్బ్యురేటరునుండి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను దిగునపుడు అది నొక్కబడి ప్రక్కదారులగుండ పైకెగసి సిలిండరును నింపును. డే వద్ద పనిచేయుచుండిన ఫ్రెడరిక్ కాక్ 1892లో కవాటములను సయితము తొలగించి, సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టను అంచే మూయుచు తెరచుచు నుండునట్లు తీర్చిదిద్దెను. కదలెడి భాగములు మూడే మిగిలినవి: పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. ఇంతటి సులభోపాయమును కనిపెట్టిన డే తదుపరి నూనెబావుల అన్వేషణలో ధనము పోగొట్టుకొని, 1946లో ఎవరికిని పట్టనివాడై మరణించెను.

ఈ యంత్రమున కొక పుట్టులోపము గలదు. పొగ పోవు ద్వారమును, మిశ్రమము వచ్చు ద్వారమును కొంతసేపు ఒక్కమారే తెరచియుండుటవలన, క్రొత్తగా వచ్చిన మిశ్రమములో కొంత మండకయే పొగవెంట బయటికి జారిపోవును. మొదట దీనిని నివారింప పిస్టను తలపై మూపురము వంటి యడ్డు నొకటి పెట్టిరి. దానివలన పిస్టను బరువెక్కి, అమితముగ వేడెక్కినది. 1925లో జర్మను ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లె, మిశ్రమము వచ్చు దారులను రెండు ప్రక్కలనుండి వెనుకగోడవైపు వాలునట్లు త్రిప్పి, ఆ రెండు ధారలు వెనుక కలిసి పైకిలేచి, తలక్రిందుగ మరలి పొగను ముందుకు త్రోయు నుపాయమును చూపెను. మూపురము పోయినది, పిస్టను తల చదునైనది. డీకేడబ్ల్యూ కంపెనీ దీనిని మోటారుసైకిళ్లలో ప్రవేశపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఓడిన జర్మనీనుండి ఆ కంపెనీవారి ఆర్.టి. 125 నమూనా విజేతల చేతబడి, ఇంగ్లండులో బి.ఎస్.ఏ. బాంటముగను, అమెరికాలో హార్లేవారి చిన్నబండిగను, రష్యాలో మాస్కో బండిగను, 1955లో జపానున యమహావారి తొలి బండిగను అవతారము లెత్తినది.

మన యెజ్డీ వంశము వేరు. చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరమున ఫ్రాంతిషెక్ యానెచెక్ అను ఆయుధ నిర్మాత 1929లో జావా సంస్థను నెలకొల్పెను. జర్మనులు ఆ దేశము నాక్రమించిన కాలమున అతని ఇంజనీర్లు చాటుమాటుగ రూపొందించిన 250 సీసీ బండి 1946లో పారిస్ ప్రదర్శనకు వచ్చి మెప్పుపొందెను. దాని సంతతియే మైసూరు చేరినది. ఇరానీ కుటుంబమువారు స్థాపించిన ఐడియల్ జావా కర్మాగారము 1961లో అక్కడ ఉత్పత్తి నారంభించెను. చెకోస్లొవేకియావారితో ఒప్పందపు గడువు తీరిన పిమ్మట 1970ల నడిమిభాగమునకు అదే బండి యెజ్డీయై, 1978లో రోడ్‌కింగై, 1996లో కర్మాగారము మూతపడువరకు నడచినది. 1953 వరకు బళ్ళారి జిల్లాలో భాగమైయుండిన ఆదోని తాలూకాకు కన్నడదేశపు సరకు పొరుగింటి సరకే యగుటచే ఈ బండి మనవారికి పరదేశి యనిపింపలేదు. రాయలసీమకు స్వంతమైన రెండు గతుల వాహనమును లేకపోలేదు: ఫ్రెంచి మోటోబెకాన్ సహకారముతో తిరుపతిలో తయారైన సువేగ మోపెడును ఎరిగిన పెద్దలు నేటికిని గలరు. కాని అది తొక్కుడుబండికి అన్న; యెజ్డీ అట్లు గాదు.

జావా, యెజ్డీలలో క్రొత్తవానికి మొదట ఆశ్చర్యము గొలుపునది ఎడమప్రక్క మీట. గేరు మార్చునదియు, కిక్కు కొట్టునదియు అది యొక్కటే. దానిని లోపలికి నొక్కి పైకి త్రిప్పిన కిక్కగును, బండి లేచినపిదప క్రిందికి వాల్చిన గేరగును. పైగా గేరు మార్చుటకై పాదముతో కదపగనే లోపలి యమరిక క్లచ్చి నెత్తును గనుక చేతి క్లచ్చి పట్టనవసరము లేదు. ఈ చమత్కారమునకు లోబడి, ఏండ్లతరబడి కదలని ఇంజనును తెచ్చినవెంటనే కిక్కు కొట్టరాదు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున కొంచెము ఆయిలు పోసి, ఒక పూట నాననిచ్చి, పిమ్మట చేతితో మెల్లగ త్రిప్పిచూడవలెను. పట్టేసిన పిస్టనును కాలిబలముతో కదపబూనిన రింగు విరిగి సిలిండరు గోడను గీరును.

తరువాత చూడవలసినవి క్రాంకు రెండు కొనల ఆయిల్ సీళ్లు. నాలుగు గతుల ఇంజనులో సీలు కారిన నేలపై ఆయిలు మరక పడును, అంతే. ఇచ్చట క్రాంకు పెట్టెయే ఊపిరితిత్తి గనుక రబ్బరు సీలులో వెంట్రుకవాసి సందు పడినను ప్రాణాపాయమే. కుడివైపు, డైనమో ప్రక్కనుండు సీలు పోయినచో ఆ సందున వట్టిగాలి లోనికి చొరబడి, మిశ్రమము పలుచనై, యాక్సిలేటరు వదలినను ఇంజను అరచుచునే యుండి, కడకు పిస్టను కాలి పట్టేయును. ఎడమవైపు, క్లచ్చి ప్రక్కది పోయినచో గేరు ఆయిలును లోనికి లాగి తెల్లని పొగ దట్టముగ వెడలును, గేరు పెట్టెలో ఆయిలు నానాటికి తగ్గును. అనుభవశాలియగు మెకానికు దూరమునుండి ధ్వని వినియే “గాలి పీకుతాంది సామీ, సీలు పోయింటాది” అనును. అనుభవము లేనివానికి పరీక్ష యొకటి గలదు: కార్బ్యురేటరు దారిని, రెండు పొగద్వారములను రబ్బరు బిరడాలతో బిగించి, ప్లగ్గు రంధ్రమునుండి సైకిలు పంపుతో చదరపు అంగుళమునకు 5, 6 పౌనుల వత్తిడి మాత్రమే ఎక్కించి, అతుకులవెంట సబ్బునీరు పూయవలెను. బుడగలు లేచినచోట సందున్నట్లే. వత్తిడి కొన్ని నిమిషములు నిలిచినగాని కార్బ్యురేటరు మరలను ముట్టరాదు. పెక్కురు చేయు పని దీనికి విపర్యయము: సీలు దోషమును జెట్లపై మోపి, కార్బ్యురేటరును పదేపదే త్రిప్పి, దానిని పాడుచేసి, అటుపిమ్మట క్రొత్తది కొందురు.

సిలిండరును రీబోరు చేయించుటకు లేత్ పనివానివద్దకు పోవలసినదే; అచ్చట బేరమాడుట కంటె అడుగవలసిన మాట వేరు. రీబోరైనపిదప రంధ్రముల అంచులు కత్తివాదరవలె నుండును. వాటిని సన్నని రాతితో రుద్ది మొద్దుబరచవలెను. లేనిచో తొలి పరుగులోనే రింగు ఆ యంచున తగులుకొని తునియును. రింగు తిరిగి దాని కొనలు రంధ్రములో జారకుండ పిస్టను గాడిలో చిన్న మేకు వంటిది పొదిగియుండును. రింగు రెండుకొనలు సరిగ దాని కిరువైపుల కూర్చున్నవని వ్రేలితో తడిమి చూచినపిమ్మటనే సిలిండరును దించవలెను. పిస్టను పిన్నుకు పాత సర్‌క్లిప్పులను మరల వేయుట పొదుపు గాదు. క్రాంకు విడదీసి రాడ్డు మార్చుట మాత్రము ప్రెస్సును, సరళత చూచు గేజియును గలవాని పని. అందు ఉత్సాహము పనికిరాదు.

మన నల్లరేగడి నేలల సంగతి యిచ్చట చెప్పితీరవలెను. వేసవిలో కౌతాళము, కోసిగి బండిదారుల ధూళియు, ప్రత్తికాలమున ఆదోని జిన్నింగు మిల్లులచుట్టు నెగయు దూదినుసియు ఎయిర్ ఫిల్టరును త్వరగ మూసివేయును. నాలుగు గతుల బండిలో ధూళి సిలిండరునే అరగదీయును; ఈ బండిలో లోనికి వచ్చు గాలి ముందుగ క్రాంకు పెట్టెలో ప్రవేశించుటచే ధూళికి తొలి యాహారము రాడ్డు క్రింది బేరింగు. ఆ బేరింగుకు వేరే ఆయిలు సరఫరా లేదు, పెట్రోలులో మనము కలిపిన ఆయిలు తుంపరయే దాని జీవనము. లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు కలుపుట వాడుక. క్రొత్త పిస్టనుకు మేలని ఆయిలును రెండింతలు పోయువారు గలరు; ఆయిలు పెరిగినకొలది అదే జెట్టునుండి వచ్చు పెట్రోలు తగ్గి మిశ్రమము పలుచనగునను సంగతి వారికి తట్టదు. నేటి పెట్రోలులో 20 శాతము వరకు కలియుచున్న ఇథనాలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి, గాలిలోని తేమను పీల్చును గనుక గొట్టములను మార్చుటయు, నెలలతరబడి నిలుపు బండిలో ట్యాంకును కార్బ్యురేటరును ఖాళీచేయుటయు విధి.

ఇక సొగసు చేయుట. హ్యాండిలు మార్చిన, సీటు కుదించిన, మడ్గార్డు కోసిన యంత్రమునకు కోపము లేదు, అవి వస్త్రములు. యువకుల చూపు తరచుగ సైలెన్సరుపై పడును. దానిని కోసి పొట్టిది చేసినచో ధ్వని హెచ్చి వేగము కూడ హెచ్చునని వారి విశ్వాసము. ఇచ్చట చిన్న లెక్క వేసికొందము. నిమిషమునకు 4500 చుట్లు తిరుగు ఇంజను ఒక చుట్టును సెకనులో 75వ వంతులో ముగించును. అందులో మిశ్రమము వచ్చు ద్వారము తెరచియుండునది మూడవవంతనుకొన్నచో, సుమారు 4 మిల్లీసెకన్లు. పొగద్వారము తెరవగనే వెడలు వత్తిడి కెరటము ఆ వేడి వాయువులో సెకనుకు సుమారు 500 మీటర్లు పోవును. అనగా ఆ 4 మిల్లీసెకన్లలో రెండు మీటర్లు: ఒక మీటరు గొట్టము చివరివరకు పోయి తిరిగివచ్చుటకు సరిగ చాలునంత. గొట్టము వెడల్పైనచోట మరలిన కెరటము సిలిండరునుండి పొగను లాగును, సన్నగిలినచోట మరలినది జారిపోబోవు క్రొత్త మిశ్రమమును వెనుకకు త్రోయును. ష్నూర్లె పూర్తిగ మాన్పలేకపోయిన పుట్టులోపమునకు మందు ఈ గొట్టము పొడవులోనే గలదు. దీనిని శాస్త్రముగ మార్చినవాడు తూర్పు జర్మనీ ఎంజడ్ కర్మాగారపు వాల్టర్ కాడెన్. 1961 నాటికి అతడు 125 సీసీ ఇంజనునుండి 25 అశ్వశక్తులు రాబట్టెను, మన రోడ్‌కింగు 250 సీసీలలో ఇచ్చినవి సుమారు 16. ఆ యేడే అతని రౌతు ఎర్నెస్ట్ డెగ్నరు స్వీడను పందెము నుండి పారిపోయి సుజుకీవారిని చేరగా, ఆ విద్య జపాను చేరినది. అంతటి విలువగల గొట్టమును రంపముతో కోయుట అజ్ఞానము గాక మరేమి?

కాడెను గొట్టము పందెపు బండిలో దాచిన లోపమును వీధిబండి దాచలేకపోయెను. మామూలు వేగములలో మండని మిశ్రమము పావువంతు వరకు బయటికి పోవుచుండగ, 1990లలో మనదేశమున పొగ నిబంధనలు బిగిసి, రెండు గతుల యుగము ముగిసెను. కావున నేడు మిగిలిన పాతబండిపై చట్టమునకును ఒక చూపు గలదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిర్మాత యిచ్చిన స్వరూపమును ఇచ్చవచ్చినట్లు మార్చుటను అనుమతింపదు. 2021లో కేంద్రము తెచ్చిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడక నిలిచిన బండికి వీఏ అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిచ్చుదురు, రుసుము 20,000 రూపాయలు. అయితే దానిని నిత్యోపయోగమునకు నడుపరాదు. కనుక 1960ల జావా గలవాడు సీటు కోయుటకు ముందు ఒక్కక్షణ మాలోచించుట మంచిది. 1978లో పుట్టిన రోడ్‌కింగు మాత్రము 2028 వరకు ఆ పంక్తిలో కూర్చుండజాలదు.

బిగింపు ముగిసినపిమ్మట పాయింట్ల సందును 0.4 మిల్లీమీటర్లకు సరిచూచి, తొలినాళ్ల పరుగులు ఉదయపు చల్లదనములో, సగము యాక్సిలేటరుతో, నడుమ నడుమ ఇంజనును చల్లారనిచ్చుచు సాగింపవలెను. మన వేసవి మధ్యాహ్నములలో క్రొత్త పిస్టనును ఎగువదారిన పూర్తివేగమున తోలుట సిలిండరును మరల లేత్ పనివానికి పంపుటయే. కొన్ని పరుగులైనవెనుక ఇంజను చల్లగనున్నప్పుడు హెడ్డు నట్లను మరల బిగించి, గేరు ఆయిలు మార్చి, ప్లగ్గు విప్పి చూడవలెను: తెల్లగ నున్న మిశ్రమము పలుచన, నల్లగ తడిగ నున్న చిక్కన, కాఫీగింజ రంగున నున్న పెయింటరుకు కబురు పంపవచ్చును.