మీకు తెలుసా? ఒక ప్లాటినానికి ఉప్పునీళ్లు, ఇంకో ప్లాటినానికి గ్లూకోజ్

శ్రీ సిటీ గేటు దాటి హైవే ఎక్కే డీజిల్ బండ్లను చూసే ఉంటారు. ఇప్పటి బండ్ల సైలెన్సర్ దారిలో పొగలోని విషాన్ని విరిచే డబ్బా ఒకటి ఉంటుంది. ఆ పని చేసే లోహాల్లో ప్లాటినం ముఖ్యమైనది. కాన్సర్ వార్డులో స్టాండుకు వేలాడే సీసాలోనూ అదే లోహం ఉంటుందని మీకు తెలుసా? సత్యవేడు, వరదయ్యపాళెం వాళ్లకు పెద్ద జబ్బంటే ఇటు తిరుపతి, అటు చెన్నై. అక్కడి కీమో గదుల్లో వినబడే సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ మూడూ ప్లాటినం మందులే.

సిస్‌ప్లాటిన్‌ను ఇటలీవాడైన మికేలే పెయిరోన్ 1840లలోనే తయారుచేశాడు. అది మందని నూరేళ్లు దాటినా ఎవరికీ తెలియలేదు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా పెరిగే ద్రావణంలోకి ప్లాటినం ఎలక్ట్రోడ్లతో కరెంటు పంపాడు. ఆ బాక్టీరియాలు రెండుగా చీలడం మానేసి దారాల్లా సాగిపోయాయి. చీలికను ఆపింది కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం. అలా వెలుగులోకి వచ్చిన సిస్‌ప్లాటిన్ 1978లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది.

అసలు కిటుకు ఉప్పులో ఉంది. సిస్‌ప్లాటిన్ అణువులో నడుమ ప్లాటినం, ఒక పక్క రెండు అమ్మోనియాలు, ఇంకో పక్క రెండు క్లోరిన్లు. రక్తంలో ఉప్పు ఎక్కువ కాబట్టి క్లోరిన్లు అంత తేలిగ్గా ఊడవు. కణం లోపల ఉప్పు బాగా తక్కువ. అక్కడ క్లోరిన్ ఊడి ఆ చోట నీరు చేరుతుంది. అప్పుడు ప్లాటినం డీఎన్ఏ మీద పక్కపక్కనున్న రెండు గ్వానిన్లను గట్టిగా పట్టుకుంటుంది. మెలితిరిగిన నిచ్చెనలా ఉండే డీఎన్ఏ అక్కడ వంగిపోతుంది. దాన్ని సరిగ్గా నకలు తీసుకోలేక కణం చచ్చిపోతుంది. సీసాలోనే క్లోరిన్లు ఊడిపోకుండా ఈ మందును ఉప్పున్న సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. అల్యూమినియం ఉన్న సూది దరిచేరనివ్వరు, తగిలితే నల్లటి మడ్డి కడుతుంది.

ఆక్సాలిప్లాటిన్ దీనికి పూర్తిగా తలకిందులు. ఉప్పు తగిలితే చెడిపోతుంది, గ్లూకోజ్ సీసాలోనే ఎక్కించాలి. ఇంట్లోవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఈ మందు ఎక్కాక కొన్ని రోజులు చల్లటిది తాకితే వేళ్లకు సూదులు గుచ్చినట్టుంటుంది, గొంతు పట్టేసినట్టవుతుంది. మన రాయలసీమ ఎండల్లో కూడా రోగికి ఫ్రిజ్ నీళ్లు వద్దు, గోరువెచ్చనివే ఇవ్వండి.

ఇక ఇబ్బంది ఏమిటంటే, ప్లాటినం ఒక్క డీఎన్ఏ దగ్గరికే పోయి ఊరుకోదు. ఎక్కించిన సిస్‌ప్లాటిన్‌లో చాలా భాగం కొన్ని గంటల్లోనే అల్బుమిన్ లాంటి రక్తపు ప్రోటీన్లకు అతుక్కుంటుంది. కిడ్నీలు, చెవులు దెబ్బతినొచ్చు. మందుకు ముందూ వెనుకా అన్నేసి సెలైన్ సీసాలు పెట్టేది కిడ్నీల కోసమే. కొన్నాళ్లకు కాన్సర్ కణాలే మందుకు లొంగకుండా పోవడమూ ఉంది.

అందుకే వేరే లోహాల వెతుకులాట. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎస్. సత్యనారాయణ బృందం రుథేనియం అనే లోహపు సమ్మేళనాలు డీఎన్ఏను ఎలా పట్టుకుంటాయో ఏళ్ల తరబడి పరీక్షించింది. రుథేనియం ఇంకా కాన్సర్ మందుగా అనుమతి పొందలేదు. కానీ ఆ పరీక్షల్లో ఒకటి నాకు భలే ఇష్టం. దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్ఏ ద్రావణాన్ని సన్నటి గాజు గొట్టంలో కిందికి జారనిచ్చి, స్టాప్‌వాచ్‌తో సమయం చూస్తారు. రుథేనియం సమ్మేళనం కలిపాక జారడానికి ముందుకన్నా ఎక్కువ సమయం పడితే డీఎన్ఏ సాగి పొడవైందన్నమాట. అంటే ఆ సమ్మేళనం నిచ్చెన మెట్ల మధ్యకు దూరింది.