యాసంగికి ముందు ఊరి నీటి పద్దు



గాదెలో ఎన్ని బస్తాలున్నవో చూడక పెండ్లి భోజనములకు ఊరంతటిని పిలుచువారుండరు. కాని బోరుబావి క్రింద యాసంగి వరి నాటునపుడు మనలో చాలమంది చేయుచున్నది ఇంచుమించు అదే. నాట్లు పడునాటికి నీరు పుష్కలముగా కనిపించును. పొట్టకు వచ్చు సమయమునకు, అనగా మాఘ ఫాల్గుణములలో, బోరు గాలి కొట్టుట మొదలిడును. అప్పుడు అప్పు చేసి మరియొక బోరు వేయుదురు. అదియు పడకపోయిన పైరు పశువుల పాలగును. అప్పు మాత్రము మిగులును.

బోరు ఎందుకు ఎండిపోవునో మొదట తెలిసికొనవలెను. రాయలసీమలోను, తెలంగాణములో ఎక్కువ భాగమునను, ప్రకాశము జిల్లా మెట్ట ప్రాంతమునను నేల అడుగున ఉన్నది గట్టి రాయి. ఆ రాతిపైన చివికిన పొర యొకటి ఉండును. వాననీరు నిలువయుండునది ముఖ్యముగా ఆ పొరలోనే. దాని క్రింద రాతి పగుళ్ళలో కొంత నీరుండును గాని అది స్వల్పము. పైగా ఆ పగుళ్ళకు కూడ పైపొర నుండియే నీరు దిగవలెను. కావున లోతునకు పోయిన కొలది క్రొత్త నీరు దొరకునను నమ్మకము ఈ నేలలలో చాలవరకు భ్రమయే. మీ క్రొత్త బోరులో పడిన నీరు నిన్నటివరకు ప్రక్క పొలము బావిలో ఉండినది కావచ్చును. ఇందువలన మొదట దెబ్బతినువాడు తక్కువ లోతు బావి గల చిన్న రైతు. ఆ పిమ్మట ఊరి తాగునీటి బోరు. పైగా అత్యధిక రైతులకు వ్యవసాయ విద్యుత్తు 2004 నుండి ఉచితమైనందున, ఎక్కువ తోడుటకు అయ్యెడి ఖర్చు ఎవరి కంటికిని కనబడుట లేదు.

ఈ విషయమున విదేశ సహాయముతో మన ప్రాంతములోనే జరిగిన రెండు ప్రయత్నములు మీరు తెలిసికొనదగినవి. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయముతో 1995లో ఏపీవెల్ అను ప్రాజెక్టు ఆరంభమైనది. చిన్న, సన్నకారు రైతులను జట్లుగా కూర్చి మూడు వేలకు పైగా బోరుబావులు వేసి యిచ్చినారు. మంచి పనియే. కాని ఒక జట్టుకు బోరు వేసి ఇచ్చినంత మాత్రమున ఆ నీరు వారికే మిగులునని లేదు. చుట్టుప్రక్కల మరి పది బోర్లు పడినచో ఇచ్చిన సహాయము నేలలోనే కరిగిపోవును. ఇది గ్రహించియే ఆ ప్రాజెక్టు చివరి సంవత్సరములలో నీటిమట్టములను రైతులచేతనే కొలిపించుట మొదలుపెట్టినారు.

ఆ అనుభవముపై 2003లో రెండవ ప్రాజెక్టు వచ్చినది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు. సొమ్ము నెదర్లాండ్స్‌ది, నిర్వహణ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది, పల్లెలలో పని చేసినవి స్థానిక స్వచ్ఛంద సంస్థలు. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ అను నాటి ఏడు జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలలో అది నడచినది. ఇందులో విశేషమేమనగా, నీరు తక్కువ వాడిన రైతుకు ఒక్క రూపాయి ప్రోత్సాహకము లేదు. ఎక్కువ వాడినవానికి జరిమానాయు లేదు. వర్షమాపకములు, నీటిమట్టము కొలుచు పరికరములు ఇచ్చి, పొలము గట్టుననే రైతు నీటి బడులు పెట్టి స్త్రీలకును పురుషులకును కొలుచుట నేర్పినారు. వచ్చిన అంకెలను ఊరి గోడపై అందరును చదువునట్లు వ్రాయించినారు. యాసంగికి ముందు రైతులందరు కూర్చుండి నీటి పద్దు వేసికొనెడివారు.

ఆ పద్దు ఎట్లు వేయవలెనో ఒక ఉదాహరణముతో చెప్పెదను. ఎకరా నేలపై ఒక అంగుళము లోతున నిలుచు నీటిని ఎకరా-అంగుళము అందురు. అది సుమారు లక్ష లీటర్లు. మీ ఊరి విస్తీర్ణము 1,000 ఎకరములు, ఆ సంవత్సరపు వర్షము 22 అంగుళములు అనుకొనండి. పడిన నీరు 22,000 ఎకరా-అంగుళములు. చివికిన రాతినేలలలో ఇందు సుమారు పదవ వంతు మాత్రమే భూమిలోనికి దిగి నిలుచును. అనగా 2,200. మనుషులకు, పశువులకు ఏడాది పొడవున 300 తీసి ప్రక్కన పెట్టండి. ఇది ముందుగా తీయవలసినది, మిగిలినచో ఇచ్చునది కాదు. వానకాలపు పైరుకు తోడినది 700. పండ్ల తోటలకును, వేసవికిని 200 ఉంచినచో, యాసంగికి మిగులునది 1,000.

వరికి సుమారు 48 అంగుళముల నీరు కావలెను. వేరుసెనగకు 20, రాగికి 14 అంగుళములు చాలును. మిగిలిన నీటితో వరియే వేసినచో 21 ఎకరములు పండును. వేరుసెనగ అయినచో 50 ఎకరములు. రాగి అయినచో 71. ఊరిలో 40 ఎకరముల వరి వేయదలచినారనుకొనండి. కావలసినది 1,920, ఉన్నది 1,000. ఆ లోటు నాట్లనాడు కనబడదు, వెన్ను తీయునాడు కనబడును.

వరికి పెట్టిన నీటిలో కొంత మరల భూమిలోనికి ఇంకును గదా యని మీరడుగవచ్చును. నిజమే, కొంత సడలింపు ఇవ్వవచ్చును; కాని లోటు సగమున్నప్పుడు ఆ సడలింపు పైరును గట్టెక్కింపదు. బిందు సేద్యమును గూర్చియు ఒక మాట. దానివలన పొలములో నీరు పొదుపగును. ఆ పొదుపైన నీటితో మరి రెండెకరములు సాగుకు తెచ్చినచో భూమిలోని నిలువకు పొదుపేమియు లేదు.

మీ సొంత బోరు సంగతి తెలిసికొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము, గడియారము చాలును. మోటారు ఆడించి, ధార నిలకడకు వచ్చిన తరువాత డ్రమ్ము నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూడండి. 50 సెకండ్లయినచో గంటకు 14,400 లీటర్లు. ఏడు గంటలు ఆడిన సుమారు ఒక ఎకరా-అంగుళము. అదే డ్రమ్ము నిండుటకు 80 సెకండ్లు పట్టిననాడు రోజుకు 63,000 లీటర్లే వచ్చును. ఆనాడు ఎకరా తడి కాదు, మూడు వంతులలో రెండు వంతులు కూడ తడవదు. పదిహేను దినములకొకసారి ఈ లెక్క పుస్తకములో వ్రాసికొన్నచో బోరు ఎప్పుడు తగ్గుచున్నదో ముందే తెలియును. నీటిమట్టమును మాత్రము ఉదయము మోటారు వేయకముందే కొలవవలెను. మోటారు ఆడిన తరువాత కొలిచిన అంకె తప్పుదారి పట్టించును.

పద్దు వేసికొన్న ఊళ్ళలో ఫలితమేమనగా, ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన నివేదిక ప్రకారము, మూడేండ్లలో నూటికి 42 నీటి పరివాహక ప్రాంతములు యాసంగి వాడకమును వరుసగా తగ్గించినవి. 51 ప్రాంతములు ఒక ఏడు తగ్గించి ఒక ఏడు తగ్గింపలేకపోయినవి. 7 ప్రాంతములలో వాడకము పెరిగినది. ఎవరి బలవంతమును లేకుండ జరిగినది గనుక నేను దీనిని చిన్న ఫలితముగా ఎంచను. అయితే ప్రాజెక్టు ముగిసి సంస్థల మనుషులు వెళ్ళిన పిమ్మట కొలతలు పలుచోట్ల నిలిచిపోయినవని తరువాతి పరిశీలకులు కొందరు వ్రాసినారు. వర్షమాపకము మిగిలినను దానిని చూచువారు కరువైనారు. సహాయమునకు ఇది పాత జబ్బు. వస్తువు ఇచ్చుటకు పద్దు ఉండును, ఆ వస్తువును పదేండ్లు నడుపుటకు ఉండదు.

కావున ప్రభుత్వముగాని, విదేశ సంస్థగాని, మరి యెవరుగాని మీ ఊరికి సహాయము చేయవచ్చినపుడు బోర్లు ఎన్ని ఇత్తురని మాత్రమే అడుగవలదు. కొలతలు ఎవరికి నేర్పుదురు, వారు వెళ్ళిన తరువాత నీటి పుస్తకము ఎవరి ఇంట ఉండును, దానికయ్యెడి కొద్దిపాటి ఖర్చు పంచాయతీ పద్దులో చేరునా లేదా అని సభలోనే అడుగండి. పుస్తకము వ్రాయువారు ఇద్దరు ఉండుట మేలు. అందులో ఒకరు తాగునీటి కొరత మొదట అనుభవించు స్త్రీలలో నుండి ఉండవలెను. సహాయమెవరును రాకున్నను, ఒక వర్షమాపకము, ఒక డ్రమ్ము, ఒక నోటు పుస్తకముతో ఈ ఆశ్వయుజములోనే మొదలు పెట్టవచ్చును. నారుమడి పోయుటకు కనీసము పదిహేను దినముల ముందుగా పద్దు సభ జరుపండి. నారు పోసిన తరువాత ఎవరును లెక్క వినరు.